పర్దా ఉన్న కణం, పర్దా లేని కణం

1897 ఆగస్టులో బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా మరీజును దోమతెరలో పడుకోబెట్టి, లోపలికి దోమల్ని వదిలారు. ఒక దోమ కుట్టి నెత్తురు తాగితే ఆయనకు ఒక అణా. ఆ అణాలు ఇచ్చింది ఇంగ్లీషు ఫౌజు డాక్టరు రొనాల్డ్ రాస్. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాన్ని కోసి ఖుర్దబీన్ కింద పెడితే, దాని కడుపు గోడలో నల్లటి రవ్వలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. జాడే కా బుఖార్‌ని మోసేది దోమే అన్నదానికి మొదటి సబూత్ అది. రాస్‌కి 1902లో నోబెల్ ఇనామ్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కి అణాలు వచ్చాయి, తారీఖులో పేరు మిగిలింది. తర్వాత కలకత్తాలో పిట్టల మలేరియా మీద రాస్ చేసిన పనిలో చేయిపెట్టిన మొహమ్మద్ బక్ష్ నసీబు కూడా ఇంచుమించు అంతే.

రాస్ కథ చాలామంది రాశారు, మన సికింద్రాబాద్ వాళ్లకి అది ఇంటి కథ. నాకు అందులో దిల్‌చస్పీ ఉన్నది వేరే చోట. ఆ దోమ కడుపులో కనిపించిన కణం ఏ ఖాందాన్‌ది? హైజా తెచ్చే జరాసీమ్ ఖాందాన్‌దా, మనిషి ఖాందాన్‌దా? ఇది పరీక్షల కోసం బట్టీ పట్టే సవాలు కాదు. ఏ బీమారీకి ఏ దవా పనిచేస్తుంది, ఏ దవా మన ఒంటికే నుక్సాన్ చేస్తుంది అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంది. అయినా ఈ సవాలును సరిగ్గా అడగడానికే దునియాకి దాదాపు 300 ఏళ్లు పట్టింది.

రాస్ కంటే 18 ఏళ్ల ముందు, 1879లో, క్లెబ్స్ అనే జర్మన్ డాక్టరూ, తొమ్మాసీ క్రుదేలీ అనే ఇటలీ డాక్టరూ కలిసి రోమ్ దగ్గరి పోంటైన్ చిత్తడి నేలల మట్టి, నీళ్లు పరీక్ష చేశారు. మలేరియా తెచ్చే జరాసీమ్ దొరికిందని ఎలాన్ చేశారు. దానికి బాసిల్లస్ మలేరియే అని పేరు కూడా పెట్టేశారు. ఆ జమానాలో అది నమ్మేటట్టే ఉంది. మూడేళ్ల ముందే కోఖ్ సాహెబ్ ఆంత్రాక్స్ వెనక ఒక బాక్టీరియా ఉందని తేల్చాడు. 1882లో టీబీ, ఆ వెంటనే హైజా సంగతీ తేల్చాడు. ప్రతి బీమారీ వెనకా ఒక బాక్టీరియా బయటపడుతుంటే, మలేరియా వెనక మాత్రం ఎందుకు ఉండదు?

1880 నవంబరులో అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ షహర్‌లో, ఫ్రెంచి ఫౌజు దవాఖానాలో, లావెరాన్ అనే డాక్టరు ఒక సిపాయి నెత్తురు చుక్కలో వేరే మఖ్లూక్‌ని చూశాడు. అది బాక్టీరియాలాగా లేదు. దానికి కొరడాల్లాంటి తీగలు మొలిచి అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. చాలా ఏళ్లు పెద్ద పెద్ద డాక్టర్లు ఆయన మాట నమ్మలేదు. బాక్టీరియా కానిది బీమారీ ఎలా తెస్తుందన్నది వాళ్ల ఖయాల్. వాళ్లని నేను తప్పు పట్టను. కంటికి కనిపించని జీవాలన్నీ ఒకే జాతి అనుకునే రోజుల్లో, వాటి మధ్య ఎంత పెద్ద సరహద్దు ఉందో చెప్పడానికి వాళ్ల చేతిలో మాటే లేదు.

ఆ సరహద్దుకు రెండు వైపులా ఉన్నవాళ్లని ఒకే చుక్కలో చూసినవాడు ఇంకా 200 ఏళ్ల ముందరి మనిషి. హాలెండ్‌లోని డెల్ఫ్ట్ షహర్‌లో లేవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. మన గోల్కొండ తఖ్తు మీద తానాషా కూర్చున్న కాలం, బందరులో డచ్చివాళ్ల కోఠీ నడుస్తున్న కాలం. యూనివర్సిటీ చదువు లేదు, లాటిన్ రాదు. తన చేతులతో గోరంత అద్దాలు అరగదీసుకుని అన్నిటినీ చూసేవాడు. మిరియం ఎందుకు ఘాటుగా ఉంటుందో తెలుసుకుందామని మిరియాల్ని నీళ్లలో నానబెట్టాడు. కొన్ని వారాలకు ఆ నీళ్లలో కదిలే చిన్న చిన్న జీవాలు కనిపించాయి. 1676 అక్టోబరులో లండన్ రాయల్ సొసైటీకి పెద్ద ఖత్ రాశాడు. అందులో కొన్ని జీవాలు పెద్దవి, కాళ్లలాంటివి ఆడించేవి. కొన్ని మరీ చిన్నవి, ఇసుక రేణువు పక్కన పెడితే ఎన్నో లక్షలు పట్టేవి. పెద్దవి మన ఖాందాన్, చిన్నవి బాక్టీరియా. లేవెన్‌హుక్‌కి సైజు ఫరక్ తెలిసింది, అసలు ఫరక్ తెలిసే రాస్తా లేదు.

ఖాళీ గదులకు పేరు అప్పటికే వచ్చింది. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కని చూసి, తేనెపట్టు గదుల్లా ఉన్నాయని, చిన్న గది అనే అర్థం వచ్చే సెల్ అన్న మాట వాడాడు. మా అబ్బాజాన్ ఉర్దూ మీడియంలో చదివారు. ఆయనకు కణం అంటే ఖలియా. అరబ్బీలో ఖలియా అంటే తేనెటీగల ఇల్లు కూడా. నేను తెలుగు మీడియం. నేను కేంద్రకం అంటే ఆయన మర్కజా అనేవారు. ఇద్దరం ఒకే బొమ్మ గురించి మాట్లాడుకునేవాళ్లం. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టి, ఉస్మానియా యూనివర్సిటీ కోసం సైన్సు కితాబుల్ని ఉర్దూలోకి తెచ్చినవాళ్ల మెహనత్ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆ మర్కజాకి పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్. 1831లో ఆర్కిడ్ మొక్కల కణాల్లో ఒక్కో గదిలో ఒక్కో మచ్చ ఉందని గమనించి దానికి న్యూక్లియస్ అన్నాడు. తర్వాత ష్లైడెన్, ష్వాన్ వచ్చి మొక్కలైనా జానవర్లైనా అన్నీ కణాలతోనే తయారని చెప్పారు. అంతా బాగుంది, లేకిన్ బాక్టీరియాలో ఆ మచ్చ కనిపించదు. మరీ చిన్నవి కాబట్టి కనిపించట్లేదా, అసలు లేదా? కొందరు ఉందన్నారు, కొందరు లేదన్నారు. ఈ తకరార్ ఏళ్ల తరబడి నడిచింది. 1875లో ఫెర్డినాండ్ కోన్ బాక్టీరియానీ, చెరువులో తేలే నీలి ఆకుపచ్చ శైవలాలనీ ఒకే గుంపులో పెట్టాడు. రెండూ ఒకేలా అతి సాదా అని ఆయన లెక్క. అది నిజానికి చాలా దగ్గరికి వచ్చిన మాట.

1925లో ఫ్రాన్స్‌లో ఎడ్వార్ షాటన్ నీటి జీవుల మీద ఒక పెద్ద మజ్మూన్ రాస్తూ రెండు కొత్త మాటలు వేశాడు: ప్రోకారియోట్, యూకారియోట్. గ్రీకులో కారియోన్ అంటే గింజ, మన భాషలో గుఠ్లీ. ప్రో అంటే ముందు, యూ అంటే అస్లీ. గుఠ్లీ రాకముందువి, అస్లీ గుఠ్లీ ఉన్నవి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో కేంద్రకపూర్వ కణం, నిజకేంద్రక కణం అన్నవి ఇవే. షాటన్ ఆ మాటల్ని పెద్దగా వివరించనే లేదు, దునియా కూడా పట్టించుకోలేదు. 37 ఏళ్ల తర్వాత, 1962లో, రోజర్ స్టానియర్, వాన్ నీల్ అనే ఇద్దరు వాటిని దుమ్ము దులిపి బయటికి తీశారు. అప్పటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చేసింది. బాక్టీరియాని పల్చటి పొరలుగా కోసి లోపల చూస్తే తకరార్ ఖతం. మర్కజా చుట్టూ పర్దా లేదు.

ఇక ఫరక్ ఏమిటంటే, దాన్ని మన పురానా షహర్ లెక్కలో చెప్తాను. బాక్టీరియా ఒంటిగది ఇల్లు. వంట అక్కడే, పడక అక్కడే, దస్తావేజుల పెట్టె కూడా అక్కడే మూలన. డీఎన్‌ఏ, సాధారణంగా గుండ్రటి ముడి ఒకటి, కణద్రవ్యంలోనే చుట్టుకుని ఉంటుంది. మన కణం దేవిడీ. దస్తావేజులకు వేరే కమరా, దానికి రెండు పొరల పర్దా, పర్దాకి చిన్న చిన్న దర్వాజాలు. అస్లీ కాగితం ఎప్పుడూ బయటికి రాదు, నకలు రాసి పంపుతారు. ఆ నకలు చూసి బయట కార్ఖానాలో ప్రోటీన్ తయారవుతుంది. ఒంటిగది ఇంట్లో ఆ తకల్లుఫ్ లేదు. నకలు ఒకపక్క రాస్తుండగానే ఇంకోపక్క పని మొదలైపోతుంది. అందుకే ఈ.కొలై లాంటి బాక్టీరియా, తిండి దండిగా ఉంటే, 20 నిమిషాలకు ఒకటి రెండవుతుంది. ప్రొద్దుట అన్నం మధ్యాహ్నానికి పులిసే రఫ్తార్ వెనక ఇలాంటి వాళ్లే ఉన్నారు.

దేవిడీలో ఇంకా చాలా కమరాలు. శక్తి తయారు చేసే మైటోకాండ్రియా, సరుకు మూటగట్టి పంపే గాల్జీ సంక్లిష్టం, చెత్త కరిగించే లైసోజోములు, మొక్కలకైతే హరితరేణువులు. బాక్టీరియాలో ఇవేవీ ఉండవు. రైబోజోములు రెండు చోట్లా ఉంటాయి, కానీ సైజులు వేరు. బాక్టీరియాది 70 ఎస్, మనది 80 ఎస్. అపకేంద్ర యంత్రంలో తిప్పితే ఎంత జల్దీ అడుక్కి దిగుతాయో చెప్పే కొలత అది. ఇంకొకటి, బాక్టీరియాల్లో ఎక్కువ వాటికి ఒంటి చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే గట్టి దీవార్ ఉంటుంది. మన కణాలకు దీవారే లేదు, పల్చటి త్వచం ఒకటే.

గుఠ్లీ లేని కణం కనిపిస్తే అది కేంద్రకపూర్వ కణమే అనుకోకూడదు. మన ఎర్ర రక్తకణం పెరిగాక తన కేంద్రకాన్ని బయటికి తోసేస్తుంది. అంతమాత్రాన అది బాక్టీరియా అయిపోదు, ఖాళీ చేసిన దేవిడీ అంతే. ఆ ఖాళీ దేవిడీలోకే మలేరియా జీవి చొరబడి కాపురం పెడుతుంది. విచిత్రం ఏమిటంటే కిరాయిదారుకి గుఠ్లీ ఉంది, ఇంటికి లేదు.

ఇప్పుడు దవా సంగతి. 1928లో ఫ్లెమింగ్ కళ్లబడిన పెన్సిలిన్ కొట్టేది ఆ దీవార్‌ని. కట్టే పని ఆగిపోయి బాక్టీరియా పగిలిపోతుంది. మనకు దీవారే లేదు కాబట్టి, ఎలర్జీ ఉన్నవాళ్లని పక్కన పెడితే, మన కణాలకు అది పెద్దగా ఏమీ చేయదు. అదే పెన్సిలిన్ మలేరియా జీవికి ఇస్తే దానికీ ఏమీ కాదు. దానికీ ఆ దీవార్ లేదు. క్లెబ్స్ చెప్పిన బాసిల్లస్ నిజమై ఉంటే హుసేన్ ఖాన్ బీమారీ ఇలాజ్ తర్వాత్తర్వాత చాలా ఆసాన్ అయ్యేది.

ఇంకో తరహా దవాలు రైబోజోమ్ మీద పనిచేస్తాయి. 1948లో లెడర్లీ కంపెనీ లాబొరేటరీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ ఖాందాన్‌లో మొట్టమొదటిది. మట్టిలోని ఒక జీవి నుంచి దాన్ని తీసింది డగ్గర్ అనే ముసలి శాస్త్రవేత్త. ఆ పరిశోధన అంతటికీ డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. ఆ దవా 70 ఎస్ రైబోజోమ్‌కి అడ్డుపడుతుంది, మన 80 ఎస్ జోలికి అంతగా రాదు. టీబీకి వచ్చిన స్ట్రెప్టోమైసిన్, మియాదీ బుఖార్‌కి వచ్చిన క్లోరాంఫెనికాల్ కూడా ఇదే ఫరక్ మీద బతికిన దవాలు. షాటన్ మాటల్ని ఎవరూ పట్టించుకోని ఆ 37 ఏళ్లలోనే, ఆ మాటలు చెప్పిన సరహద్దు మీదే ఇన్ని జానెలు దక్కాయి.

మా పెద్దఖాలాకి పదిహేడో ఏట టీబీ వచ్చింది. నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేశారు. టీబీ పోయింది, దానితోపాటు వినికిడి కూడా పోయింది. పెళ్లి మాటలు రెండుసార్లు కుదిరి తప్పిపోయాయి. నజర్ తగిలిందని ఇంట్లోవాళ్లు అనుకునేవాళ్లు. చిన్నప్పుడు నేనూ అదే విన్నాను. సూదులకూ చెవులకూ తాల్లుక్ ఉందని ఆమెకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

ఆ తాల్లుక్ అర్థం కావాలంటే 1967కి వెళ్లాలి. లిన్ మార్గులిస్ అనే జవాన్ అమెరికా శాస్త్రవేత్త, అప్పటికి లిన్ సేగన్, ఒక మజ్మూన్ అచ్చువేయించింది. పదిహేను దాకా పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. ఆమె చెప్పింది ఇది: మన కణంలోని మైటోకాండ్రియా, మొక్కల్లోని హరితరేణువు ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియాలు. ఎన్నో కోట్ల ఏళ్ల కింద ఇంకో కణంలోకి మెహమాన్‌గా వచ్చి అక్కడే ఉండిపోయాయి. రష్యాలో మెరెష్కోవ్‌స్కీ 1905లోనే హరితరేణువుల గురించి ఇలాంటి మాట అన్నాడు, నవ్వి వదిలేశారు. మార్గులిస్‌ని అలా వదిలేయలేకపోయారు. మైటోకాండ్రియాకి సొంత డీఎన్‌ఏ ఉందని అప్పటికే బయటపడింది. తర్వాత దాని అక్షరాలు చదివితే బాక్టీరియా పోలికలే. దాని రైబోజోమ్ కూడా మన దేవిడీ తరహాది కాదు, బాక్టీరియా తరహాది.

అంటే స్ట్రెప్టోమైసిన్‌కి లోపల ఒక పాత రిష్తేదార్ దొరికిపోతున్నాడు. లోపలి చెవి కణాలకు శక్తి చాలా కావాలి, వాటి మైటోకాండ్రియా దెబ్బతింటే కణాలు చస్తాయి, మళ్లీ పుట్టవు. ఇది ఎవరికైనా జరగొచ్చు. కొన్ని కుటుంబాల్లో మాత్రం తక్కువ మోతాదుకే చెవులు పోతాయి. దాని వజా 1993లో దొరికింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మార్పు. ఆ అక్షరం వల్ల దాని రైబోజోమ్ బాక్టీరియా రైబోజోమ్‌ని ఇంకా దగ్గరగా పోలుతుంది. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది, నానీ నుంచి అమ్మీకి, అమ్మీ నుంచి మనకు. అందుకే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి సూదులు రాసినప్పుడు, తల్లి వైపు ఎవరికైనా అలాంటి సూది తర్వాత చెవులు పోయాయా అన్నది డాక్టరుకు అడగకముందే చెప్పాల్సిన మాట.

ఈ మెహమాన్ల కిస్సా మలేరియాలోనూ ఉంది. ప్లాస్మోడియంకి గుఠ్లీ ఉంది, బాక్టీరియా దవా దానికి పట్టకూడదు. అయినా సుబ్బారావు గారి టెట్రాసైక్లిన్ ఖాందాన్‌కే చెందిన డాక్సీసైక్లిన్ మలేరియా మీద పనిచేస్తుంది. ఎందుకో 1990లలో తేలింది. ఆ జీవిలో ఎపికోప్లాస్ట్ అని ఒక చిన్న సంచి ఉంది. దాని పూర్వీకులు ఒక శైవలం, ఆ శైవలంలోని హరితరేణువు ఒకప్పటి బాక్టీరియా. సూర్యుడి వెలుతురు తినే పని ఎప్పుడో మానేసింది, సామాను మాత్రం అలాగే ఉంది. డాక్సీ ఆ సామానును ఆపేస్తుంది. విచిత్రంగా దవా తగిలిన జీవి వెంటనే చావదు, దాని ఔలాద్ చస్తుంది. అందుకే మలేరియా ముదిరినప్పుడు ఒక్క డాక్సీనే నమ్ముకోరు, తేజ్‌గా పనిచేసే ఇంకో దవా జోడిస్తారు.

1977లో కార్ల్ వోస్ అనే ఆయన ఇంకో చిక్కు తెచ్చాడు. పర్దా లేని కణాలన్నీ ఒకే ఖాందాన్ కాదని, ఆర్కియా అని వేరే ఖాందాన్ ఉందని రైబోజోమ్ లెక్కలతో చూపించాడు. ఆర్కియా చూడ్డానికి బాక్టీరియాలాగే ఉంటుంది, డీఎన్‌ఏ చదివే తీరులో మాత్రం మనకు దగ్గర. కేంద్రకపూర్వ కణం అన్న మాట ఇళ్ల నక్షాకి సరిపోతుంది, రిష్తేదారీకి సరిపోదు.

నాకు అన్నిటికంటే భయం వేసే రిష్తేదారీ బూజుది. బూజు, ఈస్ట్, ఒంటి మీద వచ్చే దాద్, ఇవన్నీ గుఠ్లీ ఉన్నవే, నీలి ఆకుపచ్చ శైవలం కంటే మనకు ఎంతో దగ్గరి చుట్టాలు. చుట్టాన్ని చంపే దవా మనల్నీ తాకుతుంది. 2021లో కరోనా రెండో వేవ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు చూశాం కదా. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం ఫోన్ల మీద ఫోన్లు, వాట్సాప్‌లో దండాలు. ఆ దవా ఫంగస్ త్వచంలోని ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుంటుంది. మన త్వచంలో దాని స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. ఫరక్ అంతే. అందుకే మరీజు గుర్దాలు ఎలా ఉన్నాయో మాటిమాటికీ పరీక్ష చేస్తూ ఇవ్వాల్సి వచ్చింది.

దాద్‌కి కూడా ఇదే లెక్క. యాంటీబయాటిక్ దానికి పట్టదు, దానికి బాక్టీరియా దీవార్ లేదు, దాని కణద్రవ్యంలో బాక్టీరియా తరహా 70 ఎస్ రైబోజోమ్‌లు లేవు. మెడికల్ షాపుల్లో పర్చీ లేకుండా దొరికే కొన్ని ట్యూబుల్లో యాంటీబయాటిక్, యాంటీ ఫంగల్, స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది, ఇంట్లోవాళ్లు ఖుష్. కింద ఫంగస్ మాత్రం నిమ్మళంగా పాకుతూ పోతుంది. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. నియోమైసిన్ అని ఉంటే అది స్ట్రెప్టోమైసిన్ ఖాందాన్‌దే, బాక్టీరియాకి తప్ప దాద్‌కి సంబంధం లేనిది.